మొదటి జాడింపు నీళ్ళు

ఫిబ్రవరి 3

ఒసే బుడగా,

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేంటని మొహం ముడుచుకోకు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఉతుకుడు మిషన్ల పక్కన నిలబడి నా కుడిచెవి సగం పోయింది. మిగిలిన దాన్ని మీ మామయ్య వాగుడు తినేస్తోంది. పైగా నీ మాట కాగితమ్మీద ఉంటే పదిసార్లు చదువుకోవచ్చు. మీ ఓడ కంపెనీ ఏజెంటు ఆఫీసు మన వీధి చివరే కాబట్టి, ఓడ ఎక్కడున్నా నీకు చేర్చే పూచీ వాళ్ళది.

ఇక అసలు సంగతి. మొన్న మంగళవారం మీ ఓడ రేవు దాటేటప్పుడు నేను మేడమీదే ఉన్నా. దిగి నాలుగు గంటలు ఇంట్లో కూర్చున్నావో లేదో, "మా ఓడకి కొత్త యంత్రం పెట్టారత్తా, పొగని కడిగి వదులుతుంది, ఇక నీ దుప్పట్లకి భయం లేదు" అని ఎంత గొప్పలు పోయావు! తీరా చూస్తే గొట్టంలోంచి ఇంత లావు తెల్లపొగ. ఎవరి చెవిలో పువ్వు పెడదామనే? ఓడ కూత వినగానే నా కాళ్ళు ఎప్పటిలాగే మెట్లెక్కేశాయి. ఆసుపత్రి దుప్పట్లు ఇరవై రెండూ తడితడిగానే తీగల మీంచి లాగి బుట్టలో కుక్కేశా.

నువ్వు స్కూలునుంచి తిన్నగా మా లాండ్రీ షాపుకే వచ్చేదానివి కదా, మీ అమ్మానాన్నల డ్యూటీలు అయ్యేదాకా. నీకు గుర్తుండే ఉంటుంది. ఓడ వచ్చిందంటే ఆరేసిన తెల్లబట్ట మీద నల్ల చుక్కలు. జిడ్డు మసి. వేలితో రుద్దితే చుక్క కాస్తా తోకచుక్క అయిపోయేది. ఆసుపత్రి నర్సు వాటిని తిప్పి పంపినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టు ఉండేది.

ఇప్పుడెందుకు ఇదంతా అంటే, నన్ను రేవు కమిటీలో వేశారు. నవ్వకు. మసి మీద నా అంత గట్టిగా అరిచినవాళ్ళు ఈ వీధిలో ఇంకెవరూ లేరట. పొగ కడిగిన నీళ్ళని ఓడలు రేవులోనే వదలొచ్చా, కూడదా అన్నది తేల్చాలి. ఏడుగురం. అందులో నాకు తెలిసింది బట్టలుతకడం ఒక్కటే. కాబట్టి నువ్వే చెప్పాలి. మీ యంత్రం నిజంగా కడుగుతుందా, లేక కడిగినట్టు నటిస్తుందా?

మీ మామయ్య దుప్పటి మడత పెడుతూ పెడుతూ నిద్రపోయాడు, పట్టపగలే. లేపి టీ ఇవ్వాలి.

నీ మీద అనుమానంతో, ముద్దుతో,
అత్త


ఫిబ్రవరి 19

అత్తా,

కమిటీ మెంబరు గారికి వంగి వంగి దండాలు!

నీ ఉత్తరం ఇంజన్ గదిలో చదివి పగలబడి నవ్వా. ఆ తెల్లది పొగ కాదు మహాతల్లీ, ఆవిరి. తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెడితే బుస్సుమని లేస్తుందే, అదే. దానికి భయపడి తడి దుప్పట్లు బుట్టలో కుక్కావా? పాపం మామయ్య, వాటిని మళ్ళీ ఆరేసింది ఆయనే అయ్యుంటాడు.

ఈ యంత్రాన్ని స్క్రబ్బర్ అంటారు. నీకు ఒక్కసారి చూపించాలని ఎంత కోరికగా ఉందో! పొగగొట్టం లోపల మూడంతస్తుల ఎత్తున స్టీలు గది. కిందినుంచి ఇంజన్ పొగ పైకొస్తుంది. పైనుంచి వందకు పైగా జల్లుల్లోంచి సముద్రపు నీళ్ళు కిందికి పడతాయి. పొగలోని గంధకం ఆ నీళ్ళలో చిక్కుకుపోతుంది. నీకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే నీ షాపులో జరిగేదీ అదే. ఉతికిన బట్టలో సోడా మిగిలితే చివర్లో కాస్త పులుపు మందు వేసి విరుస్తావు కదా. ఇక్కడ పులుపు పొగది, సోడా సముద్రానిది. ఆ సోడా సముద్రంలో పుట్టుకతోనే ఉంది, మేం ఏదీ కలపక్కర్లేదు. వందపాళ్ళ గంధకంలో తొంభై ఏడు పాళ్ళు పట్టేస్తుంది. నేనే రోజూ కొలుస్తున్నా. మొదటిసారి ఆ అంకె చూసినప్పుడు మీటరు పాడైందేమో అనుకున్నా.

ఆ జల్లులు మూసుకుపోకుండా చూసేది మా ఫిట్టరు. అందరూ ఆయన్ని 'దువ్వెన' అంటారు, జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుంది. తలమీద జుట్టు మాత్రం లేదు. ఓడ ఆగినప్పుడల్లా ఆ గదిలోకి దిగి, ఒక్కో జల్లు రంధ్రాన్ని సూదితో శుభ్రం చేస్తాడు. వందా చేశాక మళ్ళీ మొదటిదాని దగ్గరికెళ్ళి చూస్తాడు. ఆ మనిషి ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఒక్కటి మాత్రం దాచను. భూమిని వేడెక్కించే వాయువు ఉందే, దాన్ని ఈ యంత్రం ముట్టుకోదు, అది అలాగే పోతుంది. కానీ గంధకం, మసి విషయంలో మాత్రం దీనికి సాటి లేదు. బయటికి పోయే నీళ్ళంటావా, గ్లాసులో పట్టి తాగినా ఏం కాదు!

ఇంకో మాట. మా చీఫ్ ఇంజనీరు, అదే మీసాలాయన, ఈ ఏడాది రిటైరవుతున్నారు. "ఈ స్క్రబ్బర్‌ని పెంచింది నువ్వు. మీ రేవు దీన్ని ఒప్పుకుంటే ఆ కుర్చీ నీదే" అని కంపెనీ కబురు పెట్టింది. పదకొండేళ్ళత్తా, నూనె గుడ్డలు ఉతుక్కునే దగ్గర్నుంచి. కాబట్టి కమిటీలో కాస్త నా వైపు చూడు!

పులుపూ సోడా సరిగ్గా కలిపిన,
నీ బుడగ


మార్చి 8

బుడగా, నా బంగారు బుడగా,

ముందు నేను లెంపలేసుకోవాలి. గురువారం వేరే ఓడ వచ్చింది, దానికీ మీ యంత్రమే ఉందట. కూత వినగానే నేను మామూలుగా పరిగెత్తి అన్నీ తీశా. మూల తీగ మీద ఒక దుప్పటి మిగిలిపోయింది, మీ మామయ్య ధర్మమా అని. సాయంత్రం దాకా అక్కడే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి వెతికా. ఒక్క చుక్క లేదే! ఆ దుప్పటిని నర్సుకి ప్రత్యేకంగా విప్పి చూపించా. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ ఊపులో మొన్న కమిటీకి నీ ఉత్తరం పట్టుకెళ్ళా. పొడుగు బల్ల, కుంటి కుర్చీలు, గోడమీద ఆగిపోయిన గడియారం. ఆవిడెవరో రసాయనాల లెక్చరరుట, బోర్డు మీద గీతలు గీసి అరగంట చెప్పింది. అందరూ ఆవలించారు. అప్పుడు నేను లేచి నీ ఉత్తరం చదివా. ఇస్త్రీపెట్టె, సోడా, పులుపు, దువ్వెన, అంతా చదివా, గొంతెత్తి. చప్పట్లు కొట్టారే! పడవల వాళ్ళ తరఫున వచ్చిన పెద్దాయన, వలలాయన అంటారు, ఆయన ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చుని, "అంతా బానే ఉంది తల్లీ, మరి ఆ కడిగిన నీళ్ళ సంగతేంటి? అవి మేం వలలేసే చోటుకేగా వచ్చేది?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "మా మేనకోడలు ఆ నీళ్ళు గ్లాసులో పట్టి తాగుతోంది!" అన్నా. దెబ్బకి నోరు మూశాడు.

తీర్మానం ఏప్రిల్ ఆఖర్లో. ఆ నీళ్ళు ఒక సీసా పంపు. వలలాయన ముక్కు కింద పెట్టాలి.

మీ నాన్నకి ఫోను చేసి నీ కుర్చీ సంగతి చెప్పా. వాడు ఏడ్చాడు. చెప్పొద్దన్నాడు, కానీ చెప్పేశా.

గర్వంతో నేలమీద కాళ్ళు ఆనని,
అత్త


మార్చి 24

అయ్యో అత్తా!

ఉత్తరం చదివి వినిపించావా? అందరి ముందూ? నీకు రాసేటప్పుడు నేను మాటకి కాస్త పంచదార ఎక్కువ వేస్తాను. తాగినా ఏం కాదన్నది మాటవరసకి అన్నదే. నేను ఎప్పుడూ తాగలేదు, తాగను కూడా. అది ఉప్పునీళ్ళు, ఎవరు తాగుతారు? దయచేసి నా ఉత్తరాలు ఇకమీదట ఎవరికీ చదవకు.

అయినా నీకు సీసా పంపుతున్నా, అబద్ధం చెప్పలేదని నీకు తెలియాలి. నీళ్ళు ఓడలోంచి బయటపడే గొట్టం దగ్గర నా చేత్తో పట్టా. రూలు ప్రకారం అక్కడే పట్టాలి, మీటర్లూ అక్కడే ఉంటాయి. పులుపు ఎంత, జిడ్డు ఎంత, మడ్డి ఎంత, అన్నీ హద్దులోనే ఉన్నాయి. నీ దగ్గరున్న ఆ రంగు కాగితాలతో చూసుకో.

నాన్న నిజంగానే ఏడ్చాడా?

సిగ్గుతో తల వంచుకున్న,
బుడగ


ఏప్రిల్ 6

బుడగా,

సీసా చేరింది. ఎండలో పెట్టి చూశా, తేటగా ఉంది. చివరి జాడింపులో సోడా మిగిలిందేమో చూసుకునే కాగితం ముంచా. రంగు పెద్దగా మారలేదు. తెల్ల గుడ్డలోంచి వడగట్టా. గుడ్డ మీద ఎక్కడో లేత బూడిద రంగు, అదీ ఒక ఉతుకుకే పోయింది. మీ మామయ్య "శెభాష్" అన్నాడు. నేనూ అన్నా.

అని, గంజి కలుపుతూ కూర్చుంటే ఒకటి గుర్తొచ్చింది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు, నా తొట్టిలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి "అత్తా చూడు, అద్దంలా ఉన్నాయి, బట్టలు శుభ్రం అయిపోయాయి" అన్నావు. నేనేం చెప్పానో గుర్తుందా? చివరి జాడింపు నీళ్ళు ఎవరి తొట్టిలోనైనా అద్దంలాగే ఉంటాయి, మొదటి జాడింపువి చూపించు, బట్ట ఏ పని చేసొచ్చిందో చెబుతా అన్నా. ఈ వీధిలో ఉతుకుడు పని నేర్చుకునే ప్రతివాళ్ళకీ మొదటిరోజు చెప్పే మాట అదే.

నువ్వు పంపినవి ఎన్నో జాడింపువి? పొగని కడిగి తిన్నగా వచ్చినవా, లేక మధ్యలో మంచినీళ్ళు కలిపాక వచ్చినవా? నాకు మొదటివి కావాలి. నన్ను బోల్తా కొట్టించట్లేదు కదా? నేను ఏడుగురి ముందు నీ మాట మీద నిలబడ్డానే.

తొందరగా పంపు.
అత్త


ఏప్రిల్ 14

అత్తకి,

బోల్తా కొట్టించడమా? నేనా?

రూలు ఎక్కడ పట్టమంటే అక్కడ పట్టా. గదిలోంచి వచ్చిన నీళ్ళకి బయటికి వదిలేముందు ఇంకొన్ని సముద్రపు నీళ్ళు కలుపుతాం. ప్రతి ఓడలోనూ కలుపుతారు. దాచాల్సిన రహస్యం ఏమీ లేదు. పదకొండేళ్ళు ఒక్క అంకె తప్పు రాయలేదు నేను. చదవొద్దన్న ఉత్తరాన్ని, అదే, నేను చదవొద్దని చెప్పేలోపే, ఊరందరి ముందూ చదివి నన్ను ఇరికించింది నువ్వు. ఇప్పుడు దొంగని చేస్తున్నదీ నువ్వే.

ఇంతకీ నీ షాపు వెనక మురుగు మోరీ ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశావా? చిన్నప్పుడు అందులో కాగితప్పడవలు వేశాను. నాకు తెలుసు ఎక్కడికి పోతుందో. నువ్వు కూడా ఒకసారి వెళ్ళి చూడు.

బుడగ


ఏప్రిల్ 17

అత్తా,

పద్నాలుగున రాసింది ఏజెంటు పట్టుకెళ్ళిపోయాడు. ఆపుదామని పరిగెత్తా, అందలేదు. అది నీ చేతికి వచ్చి ఉంటే చింపెయ్. వద్దు, ఉంచు. నాకు బుద్ధి రావాలి.

కోపం మొత్తం ఎందుకొచ్చిందంటే, నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ స్టీలు గది అడుగున, మిగతా నీళ్ళు కలిసే చోటుకి ముందు, ఒక చిన్న కుళాయి ఉంది. యంత్రం పెట్టినప్పట్నుంచీ రోజూ దాని పక్కనుంచి నడిచాను. ఒక్కసారీ తిప్పలేదు. నిన్న తిప్పబోతే బిగుసుకుపోయి ఉంది. దువ్వెన వచ్చి, "అది ఎవరూ విప్పరు మేడమ్, కొలతలన్నీ అవతలేగా" అన్నాడు. "మా అత్త అడిగింది" అన్నా. వెంటనే నూనె తెచ్చి పోసి, పానా వేసి పావుగంట కుస్తీ పట్టాడు.

వచ్చిన నీళ్ళు నల్లగా ఏం లేవు. టీ గ్లాసు కడిగిన నీళ్ళలా ఉన్నాయి. మీటరు ముంచితే నిమ్మరసానికి కాస్త తక్కువ పులుపు చూపించింది. పైన తేలిన జిడ్డు పొర చూసి దువ్వెన తన జేబులోని దువ్వెన తీసి తల మీద ఆడించుకున్నాడు, కంగారుపడితే అలా చేస్తాడు.

గంధకం మాయమైపోలేదత్తా. గాల్లోంచి నీళ్ళలోకి దిగింది. గంధకంతో నాకు అంత భయం లేదు, సముద్రంలో అది ముందునుంచీ బోలెడు ఉంది, పులుపుని విరిచే సోడా కూడా ఉంది. కానీ నీళ్ళు కదిలే చోట సంగతి అది. గోడ కట్టిన మన రేవులో నీళ్ళు నిలబడి ఉంటాయి. రోజూ నాలుగు ఓడలు వదులుతుంటే ఆ సోడా ఎంతకాలం ఆగుతుంది? ఆ జిడ్డు, దాంతో వచ్చే లోహాల పొడి ఎక్కడికి పోతాయి? అడుక్కి. ఇంకెన్ని నీళ్ళు కలిపినా పలచనవుతాయే తప్ప తగ్గవు. నడిసముద్రంలో ఏమవుతుందంటావా, నాకు తెలీదు. తెలిసినవాళ్ళు కూడా ఇంకా కొట్టుకుంటున్నారు.

అయినా ఈ యంత్రాన్ని తిట్టాలని లేదు. నీ దుప్పటి మీద చుక్క పడలేదంటే మన వీధిలో వాళ్ళ ఊపిరితిత్తుల్లోనూ పడలేదు. అది చిన్న సంగతి కాదు. అది చేసే పని అది గొప్పగా చేస్తోంది. మురికిని పట్టుకుంది. పట్టుకున్న మురికిని ఎక్కడ పెట్టాలన్నది మనం చూసుకోవాలి, యంత్రం కాదు.

ఇదంతా కమిటీకి వేరే కాగితం మీద రాశాను. రేవు గోడ లోపల ఉన్నంతసేపూ బయటికి పోయే గొట్టం మూసెయ్యాలి. నీళ్ళని ఓడలోనే తిప్పుకుని, మడ్డిని ట్యాంకులో ఉంచి ఒడ్డున అప్పజెప్పాలి. అది కుదరని ఓడలు రేవులోకి వచ్చేముందే గంధకం తక్కువుండే శుభ్రమైన ఇంధనానికి మారాలి. "గ్లాసులో పట్టి తాగినా ఏం కాదు" అన్నది నేను నోరు జారి అన్న మాట, తప్పు అని కూడా రాశా.

మీసాలాయనకి చూపించా. చదివి చాలాసేపు మీసం దువ్వుకున్నారు.

"ఇది పంపితే నీ కుర్చీ సంగతి నేను చెప్పలేను."

"పంపకపోతే?"

"పంపకపోతే కుర్చీ వస్తుంది. అందులో కూర్చున్నప్పుడల్లా ఆ కుళాయి గుర్తొస్తుంది."

పంపుతున్నా. రెండో సీసా కూడా. దీన్ని మాత్రం నువ్వు చదివి వినిపించు, గొంతెత్తి.

నాన్నకి ఇప్పుడే చెప్పకు.

నీ మొదటిరోజు పాఠం మర్చిపోయిన,
బుడగ


మే 2

ఒసే పిచ్చిపిల్లా,

నీ కోపం ఉత్తరం ముందొచ్చింది. రెండోది వారం తర్వాత వచ్చింది. ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు. మీ మామయ్యని అయినదానికీ కానిదానికీ కసిరా. నీ మీద కోపం కాదే. నువ్వు అడిగినదానికి నా దగ్గరా జవాబు లేదు.

మూడోరోజు చెప్పులేసుకుని మోరీ వెంట నడిచా. మన వెనక సందు, రొట్టెల బట్టీ గోడ, రంగుల దుకాణం, అక్కడ పైన పలకలు వేసి ఉంటాయి, తర్వాత మళ్ళీ బయటపడుతుంది. వెళ్ళి వెళ్ళి పడవలు కట్టే రాతిమెట్ల పక్కన రేవులోకి దిగుతోంది. నురగతో సహా. ముప్పయ్యొక్క ఏళ్ళు! ఊరందరి మురికీ వదిలిస్తున్నానని విర్రవీగానే తప్ప, వదిలిన మురికి ఎటు పోతోందో ఒక్కనాడు చూడలేదు. మెట్ల మీద వలలాయన వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి, "కమిటీ వాళ్ళు ఇన్నాళ్ళకి నీళ్ళు చూడ్డానికొచ్చారు" అన్నాడు. నాకు మొహం చెల్లలేదు.

ఇక మొన్నటి మీటింగు. నీ రెండో సీసాలో కాగితం ముంచా, అందరి కళ్ళముందూ ఎర్రబడింది. తెల్ల గుడ్డ మీద వడగట్టింది కూడా చూపించా. నల్లటి వలయం పడింది, మూడు ఉతుకులకీ పోలేదు, నా ఉతుకులకి! తర్వాత నీ కాగితం చదివా. నువ్వన్నట్టే గొంతెత్తి. "నోరు జారి అన్న మాట, తప్పు" అన్న దగ్గర ఆగి, ఆ మాటని తీసుకొచ్చి ఇక్కడ అందరి నెత్తినా పెట్టింది నేనేనని చెప్పా.

పోయినసారి చప్పట్లు కొట్టారు కదా. ఈసారి ఎవరూ కొట్టలేదు. నాకు మాత్రం నీ మీద ఉన్న గర్వం అంతా ఈ రెండో కాగితానికే. మొదటిది నా మేనకోడలు రాసింది, రెండోది ఇంజనీరు రాసింది.

లెక్చరరు లేచి వచ్చి కాగితం అడిగి తీసుకుని నిలబడే చదివింది. "నేను అరగంట చెప్పింది ఈ అమ్మాయి ఒక కుళాయితో చెప్పింది" అంది. వలలాయన ఏమన్నాడో తెలుసా? "ఆ పిల్ల ఈ రేవులో దిగినప్పుడు చెప్పమ్మా, ఒకసారి చూడాలి" అన్నాడు.

నువ్వు రాసింది రాసినట్టే తీర్మానం చేశారు. ఏడుగురిలో ఐదుగురం చేతులెత్తాం. యంత్రం ఉండాలి. గోడ లోపల మాత్రం నీళ్ళు వదిలే గొట్టం మూసి ఉండాలి. నేను ఇంకో మాట కలపమన్నా. రేవులోకి దిగే మోరీలకి కూడా అదే రూలు. "ముందు నా షాపుదే రాసుకోండి" అన్నా. వెనక పెరట్లో రెండు తొట్లు కట్టిస్తున్నాం, మడ్డి దిగాక పైనీళ్ళే బయటికి పోవాలని. మీ మామయ్య పూలమొక్కల చోటు పోయింది. మూడు రోజులు అలిగి, నాలుగోరోజు తనే పలుగు పట్టుకున్నాడు.

ఇప్పుడు చెప్పు, నీ కుర్చీ ఏమైంది? నా నోటి దురుసు వల్ల నీకు అది పోతే నన్ను నేను క్షమించుకోలేనే.

గుండె బరువుతో,
అత్త


మే 20

అత్తా,

కుర్చీ రాలేదు. కంపెనీవాళ్ళు మర్యాదగానే రాశారు. వేరే ఓడనుంచి ఒకాయన్ని చీఫ్‌గా తెస్తున్నారట, నన్ను ఇంకో ఏడాది ఆగమన్నారు. ఏడ్చాను, ఎందుకు దాచాలి. స్క్రబ్బర్ గదికి వెళ్ళి కూర్చుని ఏడ్చా, అక్కడి చప్పుడుకి ఎవరికీ వినపడదు. దువ్వెన వచ్చి ఒక శుభ్రమైన గుడ్డ ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ మనిషి దగ్గర శుభ్రమైన గుడ్డ ఉంటుందని నాకు తెలీదు.

నీ వల్ల కాదు. నువ్వు అడక్కపోతే ఆ కుళాయి ఇంకా బిగుసుకునే ఉండేది.

మీసాలాయన దిగిపోయేముందు నాకు తన పానా ఇచ్చారు. ఆ కుర్చీకి నా పేరు చెబుతూ కంపెనీకి తను రాసిన కాగితం వెనక్కి తీసుకోనని, ఏడాది తర్వాత మళ్ళీ అదే పంపుతానని చెప్పారు. ఆ తర్వాత ఒక పనికిమాలిన జోకు వేసి, తనే నవ్వుకుంటూ మెట్లు దిగిపోయారు.

వచ్చే నెల మూడున, బుధవారం పొద్దున తొమ్మిదింటికి మా ఓడ రేవులోకి వస్తుంది. గోడ దాటకముందే నీళ్ళ గొట్టం వాల్వు నేనే మూస్తాను. నీళ్ళు లోపలే తిరుగుతాయి, మడ్డి ట్యాంకులోకి పోతుంది. మూసేటప్పుడు పైనుంచి కూత వేస్తారు.

అత్తా, ఒక్క కోరిక. కూత వినగానే దుప్పట్లు తియ్యకు.

ఇంకా సెకండ్ ఇంజనీరే అయిన,
నీ బుడగ


జూన్ 6

బుడగా,

నువ్వు వెళ్ళి మూడు రోజులైంది. ఉన్న ఒక్క పూటా నువ్వూ వలలాయనా రాతిమెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే గడిపారు, నాకు మాట్లాడే సందే దొరకలేదు. ఎదురుగా ఉంటే నేను చెప్పలేను కూడా, వెటకారం వచ్చేస్తుంది. అందుకే రాస్తున్నా.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకే ఇరవై రెండూ ఆరేశా. ఆసుపత్రివే. మీ మామయ్య పాత దుప్పట్లు ఆరేద్దామన్నాడు, ఎందుకైనా మంచిదని. వద్దన్నా. తొమ్మిదికి కూత. ముప్పయ్యొక్క ఏళ్ళ అలవాటు కదా, నా చేతులు వాటంతట అవే తీగ మీదికి వెళ్ళిపోయాయి. మీ మామయ్య అప్పటికే బుట్ట ఎత్తేశాడు.

"బుట్ట కింద పెట్టండి" అన్నా.

"కోడలుపిల్ల మాట మీద అంత నమ్మకమా?" అన్నాడు.

చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డా. మీ ఓడ గోడ దాటి లోపలికొచ్చింది. పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి కాస్త లేచి పోయింది. ఓడ పక్కన నీళ్ళలోకి చూశా, ఎప్పుడూ నురగ కక్కే ఆ గొట్టం మూసే ఉంది. లోపల ఎక్కడో నువ్వు ఆ వాల్వు మీద చెయ్యి వేసి నిలబడి ఉంటావని తెలుసు. గాలి మావైపే వీస్తోంది.

సాయంత్రం వరకూ దుప్పట్లు తియ్యలేదు.

అత్త